కోకర్‌ను కోకర్‌గానే ఉండనివ్వండి

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. మాది అమలాపురం దగ్గర పల్లె. మావారు దక్షిణ అమెరికా తీరాన ఉండి, కరీబియన్ దేశాల్లో లెక్కకొచ్చే గయానాలో, జార్జ్‌టౌన్‌లోని ఒక వైద్య కళాశాలలో పాఠాలు చెబుతారు. మూడేళ్ళుగా నేను శనివారం శనివారం మా వీధి పిల్లలను కూర్చోబెట్టుకుని కథలు చదివిస్తున్నాను. చదివీ చదివీ వాళ్ళే రాయడం మొదలుపెట్టారు. ఎనిమిదేళ్ళ నుంచి పదమూడేళ్ళ లోపు పిల్లలు 19 మంది, వాళ్ళు రాసిన కథలు 31 పోగయ్యాయి. పుస్తకంగా వేయాలని ఆశ. కానీ కొన్ని ఇంగ్లీషులో ఉన్నాయి, కొన్ని ఇక్కడివాళ్ళు మాట్లాడే క్రియోలీజ్‌లో ఉన్నాయి, చాలావాటిలో రెండూ కలిసిపోయాయి. దిద్దాలా వద్దా? దిద్దకపోతే తల్లిదండ్రులు చిన్నబుచ్చుకుంటారేమో. కొన్ని కథల్లో మంచు కురుస్తుంది, ఇక్కడ మంచెక్కడిది? అన్నీ వేయాలా, బాగున్నవే వేయాలా? అమెరికాలో ఉన్న మా తమ్ముడు తానే ఆన్‌లైన్‌లో అచ్చు వేయించి అమ్మకానికి పెడతానంటున్నాడు. తెలుగులోకి కూడా తెచ్చి మన పిల్లలతో చదివించాలని ఉంది. నాలుగు కథలు జతచేస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.
– ఒక పాఠకురాలు, జార్జ్‌టౌన్

సమాధానం:

అమ్మా,

నాలుగు కథలూ చదివాను. కోకర్ తలుపు దించడం మరిచిపోయి నిద్రపోయిన కాపలాదారు కథ మాత్రం రెండుసార్లు చదివాను. నీళ్ళు ముందు కోళ్ళ గూట్లోకి వచ్చాయని, తర్వాత మెట్లెక్కాయని, ఆ తర్వాత వాళ్ళమ్మ బియ్యం సంచిని మంచం మీదికి ఎత్తిందని ఆ పిల్లవాడు రాసిన వరస చూడండి. నీళ్ళు ఇంట్లోకి రావడం కళ్ళారా చూసినవాళ్ళ మధ్య పెరిగినవాడికి తప్ప ఆ వరస తెలియదు. 2005 జనవరిలో మీ తీరమంతా మునిగినప్పుడు ఈ పిల్లవాడు పుట్టలేదు. ఇంట్లో పెద్దలు చెప్పుకోగా విని ఉంటాడు.

కోకర్ అంటే తెలియని పాఠకుల కోసం ఒక్క మాట. జార్జ్‌టౌన్ ఊరు సముద్రపు పోటు మట్టం కన్నా పల్లంలో ఉంది. ఊళ్ళోని మురుగు, వాననీరు కాలవల్లో చేరి, ఆటు సమయంలో తలుపులు ఎత్తినప్పుడు నదిలోకీ సముద్రంలోకీ పోతాయి. పోటు వచ్చేలోగా ఆ తలుపులు దించెయ్యాలి. ఆ తలుపులున్న కట్టడమే కోకర్. డచ్చివాళ్ళు అక్కడ ఉన్న రోజుల నాటి ఏర్పాటు, మాటా వాళ్ళదే. కోనసీమ బిడ్డ కాబట్టి మీకు లాకులంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు.

మీ మొదటి ప్రశ్న దిద్దడం గురించి. ముందు నేను చేసిన తప్పు చెబుతాను. చాలా ఏళ్ళ కిందట అనంతపురం వైపు ఒక బడిలో పిల్లల కథలు పోగుచేసి చిన్న పుస్తకం వేశాం. ఏడో తరగతి పిల్లవాడు ఒకడు మేకలు కాసే కథ రాశాడు. అందులో ‘వంక’ అని ఉన్నచోటల్లా ‘వాగు’ అని మార్చింది నేనే. అందరికీ అర్థమవుతుందిలే అనుకున్నాను. పుస్తకం చేతికొచ్చాక వాడు నిలబడి చదివి, సగంలో ఆగి, “మా ఊళ్ళో వాగు లేదు సార్, వంక ఉంది” అన్నాడు. కోపంగా కూడా అనలేదు, ఉన్న సంగతి చెప్పినట్టు అన్నాడు. మూడువందల ప్రతులు అచ్చయిపోయాయి. తర్వాత ఆ పిల్లవాడు నాకు మరో కథ ఇవ్వలేదు. అప్పటినుంచి పిల్లల కథ చేతికొస్తే ఎర్ర పెన్ను పక్కన పెట్టేసి పెన్సిల్ తీసుకుంటున్నాను.

మీరూ అదే చేయండి. క్రియోలీజ్‌ను విరిగిన ఇంగ్లీషు అనుకోవద్దు. చెరకు తోటల్లో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు, ఆ తర్వాత మన దేశం నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్ళినవాళ్ళు ఒకరితో ఒకరు బతకడానికి కట్టుకున్న భాష అది. దాని వ్యాకరణం దానికుంది. ‘మి బిన్ గో’ అని పిల్ల రాస్తే, బడి ఇంగ్లీషు లెక్కన అది తప్పు. క్రియోలీజ్‌లో ‘బిన్’ అన్నది జరిగిపోయిన కాలాన్ని చెప్పే గుర్తు, అక్కడ అది ఒప్పు. ‘ఆల్ అ వీ’ అన్నచోట మీరు ‘మేమందరం’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట పెడితే అర్థం మారదు, మాట్లాడే మనిషి మారిపోతుంది.

అలాగని ఏదీ ముట్టుకోవద్దని కాదు. పిల్లల కథలో రెండు రకాల పొరపాట్లు ఉంటాయి. ఒకటి చెయ్యి జారినది: అక్షరం పోవడం, ఒక పాత్ర పేరు మూడో పేజీలో మారిపోవడం, పగలు మొదలైన సంగతి మధ్యలో ఏమీ చెప్పకుండానే రాత్రిలోకి వెళ్ళిపోవడం. ఇవి దిద్దాలి, దిద్దకపోతే పిల్లలకే అవమానం. రెండోది చూడటానికి తప్పులా ఉన్నా నిజానికి వాళ్ళ పలుకు. ఏది ఏదో మీకూ నాకూ తెలియదు, రాసినవాళ్ళకే తెలుసు. కాబట్టి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదవమనండి. చదివేటప్పుడు తనంతట తను మార్చి చదివిన చోటు చెయ్యి జారినది. ఎలా రాసిందో అలాగే, తడబడకుండా చదివేస్తే అది తన మాట, వదిలేయండి. నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. ఒక్కో కథకు అరగంట పడుతుంది. 31 కథలకు ఆ అరగంటలు పెట్టడమే మీ అసలు పని, మిగతాదంతా ప్రెస్సువాళ్ళు చేస్తారు.

వర్ణక్రమం దగ్గర చిక్కు వస్తుంది. ఒకే మాటను ముగ్గురు పిల్లలు మూడు రకాలుగా రాస్తారు. జార్జ్‌టౌన్‌లోనే పుట్టిన రిచర్డ్ ఆల్సాప్ అనే పండితుడు ఏళ్ళ తరబడి కూర్చి 1996లో వెలువరించిన కరీబియన్ ఇంగ్లీషు వాడుక నిఘంటువు ఉంది. గ్రంథాలయంలో అడగండి. అందులో దొరికిన మాటకు ఆ రూపం పెట్టుకోవచ్చు. దొరకని మాటకు పుస్తకమంతా ఒకే రూపం ఉండేలా పిల్లలే కూర్చుని తేల్చుకోనివ్వండి. ఆ శనివారం మీ గదిలో జరిగే గొడవ ఏ వ్యాకరణ పాఠం కన్నా మేలు.

తల్లిదండ్రులు చిన్నబుచ్చుకుంటారేమో అన్న మీ భయం ఉత్తది కాదు. పిల్లలు బడిలో, పరీక్షలో మంచి ఇంగ్లీషు రాయాలనే వాళ్ళ తపన. ఇంట్లో మాట్లాడే మాట పుస్తకానికి పనికిరాదని వాళ్ళకు చిన్నప్పుడే చెప్పి ఉంటారు. మనకు ఇది కొత్తా? గిడుగు రామమూర్తిగారు జీవితమంతా కొట్లాడింది దీని గురించే గదా. తెలుగువాళ్ళకు వాడుక భాషలో రాసే హక్కు కోసం ఒకవైపు వాదిస్తూ, మరోవైపు తాను సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు తయారుచేశారు. పుస్తకం మొదట్లో తల్లిదండ్రులను ఉద్దేశించి ఒక పేజీ రాయండి: ఈ పిల్లలకు రెండు భాషలు వచ్చు, ఎక్కడ ఏది వాడాలో ఎంచుకునే రాశారు అని. కథ చెప్పేది ఇంగ్లీషులో, మాట్లాడుకునేది క్రియోలీజ్‌లో రాసిన ఆ కోకర్ పిల్లవాణ్ణి చూపించండి. అమ్మ ‘నీళ్ళొస్తున్నాయిరా’ అని అరిచేది ఇంటి భాషలోనే కదా.

ఇక మంచు. మీ అనుమానం వెనక పెద్ద కథే ఉంది. బార్బడోస్ కవి కమౌ బ్రాత్‌వెయిట్ ఈ సంగతే ఎత్తి చూపాడు: కరీబియన్ పిల్లలు బడి వ్యాసాల్లో చెరకు తోటల మీద మంచు కురిపించేవాళ్ళని. వాచకాలన్నీ ఇంగ్లండు నుంచి వచ్చేవి, వాటిలో శీతాకాలమంటే మంచు. పిల్లలు తుపానును కళ్ళారా చూసినా దాన్ని రాయడానికి మాట దొరికేది కాదు, చూడని మంచుకు మాత్రం బోలెడు మాటలు తెలుసు. అందుకే మంచు కనబడగానే కొట్టేయాలనిపిస్తుంది. కొట్టేయకండి, అడగండి. మీరు పంపిన రెండో కథలో అమ్మాయి మంచు ఎక్కడి నుంచి తెచ్చుకుంది? న్యూయార్క్‌లో రిచ్‌మండ్ హిల్ నిండా గయానావాళ్ళే. అక్కడున్న పిన్ని ఫోనులో మంచు చూపించి ఉంటే ఆ మంచు ఆ పిల్లదే. పిన్ని దూరంగా ఉందన్న దిగులు కూడా అందులోనే ఉంటుంది, దాన్ని ఇంకా రాయమనండి. పుస్తకంలో చూసి తెచ్చిన మంచయితే, మే నెలలో మీ ఇంటి రేకుల మీద వాన పడే చప్పుడు ఎలా ఉంటుందో ఒక పేజీ రాసి తెమ్మనండి. రెండూ పక్కపక్కన పెట్టి, ఏది ఉంచాలో తననే చెప్పమనండి. నా అనుభవంలో పిల్లలు నూటికి తొంభైసార్లు వాన వైపే వస్తారు. మంచే కావాలంటే మంచే వేయండి.

అన్నీ వేయాలా అంటే, 19 మంది పిల్లలూ పుస్తకంలో ఉండాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. ఒక్కొక్కరి నుంచి ఒక్క కథ, ఏది వేయాలో ఎవరిది వాళ్ళే ఎంచుకోవాలి. పోటీలు పెట్టడం వేరే దారి, అదీ మంచిదే. ఆంటిగ్వాలో జొయాన్ హిల్‌హౌస్ అనే రచయిత్రి 2004లో వదాద్లి పెన్ అనే రచనల పోటీ మొదలుపెట్టారు. వదాద్లి అంటే ఆ ద్వీపాన్ని అక్కడివాళ్ళు పిలుచుకునే పేరు. కథ ఏ రకమైనదైనా కరీబియన్ ఆత్మతో ఉండాలన్నది వాళ్ళ షరతు. అలాంటి పోటీకి పిల్లలు తమంతట తాము పేరిచ్చి వస్తారు. మీ దగ్గరికి వచ్చినవాళ్ళు మీ వసారాలో చాప మీద కూర్చోవడానికి వచ్చారు. అక్కడ ఆరుగురిని ఏరి పదముగ్గురిని వదిలేస్తే, ఆ పదముగ్గురూ మళ్ళీ రారు.

మూడో కథ ఓల్ హైగ్ గురించి. రాత్రిపూట చర్మం విప్పేసి, నిప్పు బంతిలా ఎగిరొచ్చి పసిపిల్లల రక్తం తాగే ముసలిది, గుమ్మంలో బియ్యం చల్లితే ఒక్కో గింజా లెక్కపెట్టుకుంటూ తెల్లారేదాకా అక్కడే ఉండిపోతుంది. ఇది పిల్ల కల్పించినది కాదు, గయానాలో తరతరాలుగా చెప్పుకునే కథ. నదిలో పడవలను లాగేసే మసకూరమాన్ గానీ, ఆఫ్రికా నుంచి వచ్చిన అనాన్సి సాలీడు కథలు గానీ అంతే. వీటిని తీసేయక్కర్లేదు. కథ కింద ‘మా అవ్వ చెప్పింది’ అని ఉండాలి, అవ్వ ఒప్పుకుంటే అవ్వ పేరు కూడా. పాత కథలో పిల్ల కొత్తగా చేర్చింది ఏమిటో మీరు గమనించారా? బియ్యం అయిపోతే వాళ్ళమ్మ పప్పు చల్లింది! ఆ పప్పు మాత్రం పూర్తిగా ఆ పిల్లదే.

నాలుగో కథ గురించి ఇక్కడ వివరంగా రాయను, ఎందుకో మీకు తెలుసు. దాన్ని పుస్తకంలో వేయవద్దు, పేరు మార్చి కూడా వేయవద్దు. అది కథలా నాకు అనిపించలేదు. పిల్ల మీకు చెప్పుకుంది. విన్నానని ముందు ఆ పిల్లకు చెప్పండి, రాసినందుకు తప్పేమీ లేదని చెప్పండి, ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకండి. అక్కడ బాలల సంరక్షణ కోసం ప్రభుత్వ సంస్థ ఉంది, చైల్డ్‌కేర్ అండ్ ప్రొటెక్షన్ ఏజెన్సీ. ఈ ఉత్తరం చదివిన రోజే వాళ్ళతో మాట్లాడండి. మీరొక్కరే ఇంటికి వెళ్ళి అడగాలని చూడకండి, పిల్లకే ఎక్కువ ప్రమాదం. పుస్తకానికి ఆ పిల్ల నుంచి వేరే కథ తీసుకోండి. పందొమ్మిది మందిలో తనూ ఉండాలి.

అనుమతుల సంగతి. పిల్ల రాసిన కథ మీద హక్కు పిల్లదే. వయసు తక్కువని హక్కు పోదు, ఎక్కడా నమోదు చేయించకపోయినా పోదు. మీరు కాగితాలు ఇచ్చి, పెన్సిళ్ళు ఇచ్చి, మూడేళ్ళు కూర్చున్నా అది మీది కాదు. కాబట్టి ఒక పేజీ కాగితం తయారుచేసి తల్లినో తండ్రినో సంతకం చేయమనండి, కింద పిల్లతో కూడా పేరు రాయించండి. అందులో ఉండాల్సినవి: ఈ కథను ఈ పుస్తకంలో, ఇన్ని ప్రతులకు అచ్చు వేసుకోవడానికి ఒప్పుకుంటున్నాం, కథ మాదే, రేపు మరెక్కడైనా వేసుకుంటాం, అనువాదానికి మళ్ళీ అడగాలి, అచ్చుకు వెళ్ళేలోపు వద్దంటే తీసేయాలి. అమ్మితే వచ్చే డబ్బు ఎక్కడికి పోతుందో కూడా అందులోనే రాయండి. తల్లిదండ్రులు సరేనని, పిల్ల తల అడ్డంగా ఊపితే పిల్ల మాటే చెల్లాలి.

పేరు విషయంలో నాది కొంచెం గట్టి అభిప్రాయం. ఫోటోలు, బడి పేరు, వీధి పేరు అక్కర్లేదు. రచయిత పేరు మాత్రం ఉండాలి. పూర్తి పేరా, ముందు పేరొక్కటేనా అన్నది ఇంటివాళ్ళు చెప్పాలి. ఏదైనా సరే పిల్ల ఎలా రాసుకుంటే అలాగే అచ్చు కావాలి, మీకు తెలిసిన వర్ణక్రమంలోకి మార్చకండి. 1838 నుంచి 1917 దాకా మన దేశం నుంచి గయానాకు దాదాపు 2,39,000 మంది కూలీలుగా వెళ్ళారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్ళారు. కొందరు మద్రాసు రేవు నుంచి వెళ్ళారు, వాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసిన పేర్లే తరాల తరబడి ఇంటిపేర్లుగా నిలిచిపోయాయి. మీ పిల్లల్లో ‘సామి’తో ముగిసే ఇంటిపేరు కనబడితే, దాన్ని సరిచేయాలని మీ చెయ్యి ఊరుకోదు. ఊరుకోవాలి. ఇప్పుడు అదే ఆ ఇంటి పేరు.

మీ తమ్ముడి మాట కాదంటున్నానని ఏమీ అనుకోవద్దు. పుస్తకం జార్జ్‌టౌన్‌లోనే అచ్చు కావాలి. ఒకప్పుడు కరీబియన్ రచయితలు తమ కథను తమ ఊళ్ళో వినిపించాలంటే ముందు లండన్‌కు పంపాల్సి వచ్చేది. బీబీసీలో 1943లో జమైకా రచయిత్రి ఉనా మార్సన్ మొదలుపెట్టిన కార్యక్రమం 1958 దాకా నడిచింది. కథలు, కవితలు ద్వీపాల నుంచి లండన్ వెళ్ళి, అక్కడ చదవగా రేడియో అలల మీద మళ్ళీ ద్వీపాలకు వచ్చేవి. ఆ కార్యక్రమం ఎంతోమందిని రచయితలుగా నిలబెట్టింది, అది గొప్ప పని. అప్పుడు వేరే దారి తక్కువ. ఇప్పుడు మీ ఊళ్ళోనే ప్రెస్సులున్నాయి. పిల్లలు వెళ్ళి కాగితం వాసన చూడొచ్చు, ప్రూఫు తమ చేత్తో దిద్దొచ్చు. అమెరికాలో అచ్చయిన ప్రతి గయానా చేరేసరికి రవాణా ఖర్చే పుస్తకం ధరను మించిపోవచ్చు. చివరికి కొనేది మీ తమ్ముడి స్నేహితులు, రాసిన పిల్లల నాయనమ్మలు మాత్రం దాన్ని చూడనే చూడరు. తమ్ముణ్ణి మాత్రం వదులుకోకండి, అచ్చు ఖర్చులో సాయం అడగండి. మిగిలిన ప్రతులు తర్వాత ఆయన దగ్గరే అమ్ముకోవచ్చు.

అచ్చు లెక్కలు క్లుప్తంగా: ఫారం అంటే పదహారు పేజీలు కాబట్టి పుస్తకం 64 పేజీలో 80 పేజీలో అయ్యేలా చూసుకోండి, మధ్యలో ఆగితే తెల్ల కాగితాలకు డబ్బు కడతారు. మూడువందల ప్రతులకు డిజిటల్ అచ్చు చాలు. బొమ్మలు పిల్లలే నల్ల పెన్నుతో గీయాలి. రంగు అట్టకు సరిపెట్టుకోండి. పిన్నులు కొట్టించకండి, ఆ ఉప్పు గాలికి రెండు వానాకాలాల్లో తుప్పు పట్టి కాగితం చిరుగుతుంది. దారంతో కుట్టించండి. అక్షరం పెద్దదిగా ఉండాలి, ఎనిమిదేళ్ళ పిల్లలు కూడా చదవాలి కదా. ప్రతి పిల్లకూ ఐదు ప్రతులు ఉచితం, ఇది ఖర్చులో ముందే వేసుకోండి.

చర్చి వీధిలోని జాతీయ గ్రంథాలయానికి వెళ్ళి ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) సంగతి, గ్రంథాలయానికి ఇవ్వాల్సిన ప్రతుల సంగతి కనుక్కోండి. కరీబియన్ కూటమి దేశాల పుస్తకాలకు ఆ సంఖ్యలో 976 అనే అంకె వస్తుంది, మీ పిల్లల పుస్తకం మీదా అది ఉండాలి. ఆ గ్రంథాలయం అమెరికా పారిశ్రామికవేత్త కార్నెగీ విరాళంతో 1909లో తెరిచినది. ఆవిష్కరణకు అక్కడే చోటు దొరుకుతుందేమో అడగండి. ముఖ్య అతిథులు వద్దు. పిల్లలే తలా ఒక పేజీ చదవాలి, ముందు వరసలో అవ్వలు కూర్చోవాలి.

తెలుగు అనువాదం చివరి మెట్టు. అక్కడ పుస్తకం అక్కడి వాళ్ళ చేతికి వెళ్ళాక, మళ్ళీ అనుమతి తీసుకుని చేయండి. చేసేటప్పుడు క్రియోలీజ్ మాటలను వార్తాపత్రిక తెలుగులోకి దించకండి. మీ నోటికొచ్చే కోనసీమ తెలుగు ఉంది, అందులోకి రానివ్వండి. కోకర్‌ను లాకులని రాయాలని మీకనిపిస్తుంది. నేనైతే రాయను. మన లాకులు కాలవలో నీటి మట్టాన్ని చూసుకుంటాయి, పడవలను దాటిస్తాయి. కోకర్ పని సముద్రంతో. ‘కోకర్’ అనే ఉంచి పక్కన ఆ పిల్లవాడు గీసిన బొమ్మ వేస్తే, అమలాపురం పిల్లలు చూడగానే ‘మన లాకుల్లాగుందే’ అని వాళ్ళే అంటారు.

ఈ శనివారం ఆ కోకర్ పిల్లవాడితోనే మొదలుపెట్టండి. పైకి చదవమని, మీరు పెన్సిల్ పట్టుకుని పక్కన కూర్చోండి. వాడు ఆగి తనంతట తను మార్చిన చోటల్లా చిన్న గీత గీయండి. కాపలాదారు నిద్రలేచి ఏమన్నాడో రాసిన ఆ ఒక్క వాక్యం దగ్గర వాడు ఆగుతాడో లేదో నాకు తెలుసుకోవాలని ఉంది. ఆ ప్రతి నాకు పంపండి.